ఎంఏ ఇంగ్లిష్: చదువుకు మూడు లక్షలు, ఎదురుచూపుకు ఆరు

నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే మన ఊళ్లలో మర్యాదైన వడ్డీ. తెలిసినవాళ్లు తెలిసినవాళ్లకు ఇచ్చేది. ఏడాది లెక్కన చూస్తే అది 24 శాతం. ఆ వడ్డీకి 2 లక్షలు తెస్తే నెలనెలా 4,000 రూపాయలు ఇంట్లోంచి వెళ్లిపోతాయి, అసలు మాత్రం అంగుళం కదలదు. అదే బ్యాంకులో 4 లక్షల విద్యారుణం 10 శాతం వడ్డీకి తీసుకుని, పదిహేనేళ్లలో తీర్చేలా పెట్టుకుంటే నెల కిస్తీ దాదాపు 4,300 పడుతుంది. అందులో అసలు కూడా తీరుతూ వస్తుంది. ఊళ్లో 2 లక్షల మీద ఉత్త వడ్డీకి పోయే డబ్బుకు ఇంకో మూడు వందలు కలిపితే, బ్యాంకులో దానికి రెట్టింపు అప్పు మొత్తం తీరిపోతుందన్నమాట.

ఇంగ్లిష్ చదువు గురించి చెప్పబోతూ వడ్డీతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఎంఏ ఇంగ్లిష్ చదివిన పిల్లల ఇళ్లలో నేను చూసిన అప్పు ఎక్కువగా ఈ మొదటి రకానిదే. ఇంజినీరింగ్‌కో, అమెరికాలో ఎంఎస్‌కో బ్యాంకు మెట్లెక్కే కుటుంబం బీఏకి, బీఈడీకి ఎక్కదు. ఈ చదువులకు డబ్బు ఒక్కసారిగా అవసరం పడదు. హాస్టలుకని ఒకసారి 15,000, పరీక్ష ఫీజుకని ఒకసారి 3,000, కోచింగ్‌కని ఒకసారి 20,000. అంత చిన్న మొత్తానికి బ్యాంకు చుట్టూ ఎవరు తిరుగుతారని పక్కింటి చేబదులుతో సరిపెడతారు. అలా నాలుగైదేళ్లు సరిపెట్టాక వెనక్కి తిరిగి చూస్తే 2 లక్షలు, 3 లక్షలు అవుతుంది.

నేనూ ఎంఏ ఇంగ్లిష్ చదివినవాణ్ణే. కొన్నేళ్లు పాఠం కూడా చెప్పాను. అందుకని ఏటా మే, జూన్ నెలల్లో తెలిసినవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. “ఇంగ్లిష్ తీసుకుంటే ఉద్యోగం వస్తదా అన్నా?” అని అడుగుతారు. వస్తుందనో రాదనో ఒక్క మాటలో చెప్పి పంపడం నాకు చేతకాదు. చదువుకు ఎంత, ఆ తర్వాత ఆగడానికి ఎంత, చివరికి చేతికొచ్చేది ఎంత అన్న మూడు అంకెలూ కాగితం మీద పెట్టించి పంపుతాను. ఆ కాగితాన్నే ఇక్కడ విప్పుతున్నాను.

చదువుకు అయ్యేది

లెక్క కోసం ఒక అమ్మాయిని అనుకుందాం. ఇంటర్ అయ్యేసరికి 17, 18 ఏళ్లు. బీఏ మూడేళ్లు, ఎంఏ రెండేళ్లు, బీఈడీ రెండేళ్లు. బీఈడీ ఒకప్పుడు ఒక్క ఏడాదే ఉండేది, 2015 నుంచి రెండేళ్లయింది. మొత్తం ఏడేళ్ల తర్వాత ఆమెకు 24, 25 ఏళ్లు వస్తాయి.

బీఏ సొంత ఊరి దగ్గర ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చదివితే ఫీజు పెద్ద భారం కాదు. ఖర్చు మొదలయ్యేది ఎంఏకని యూనివర్సిటీ ఊరికి వెళ్లినప్పుడు. గది అద్దె, మెస్సు కలిపి నెలకు 6,000 అనుకుందాం. ఏడాదికి పది నెలలు, ఎంఏ, బీఈడీ కలిపి నాలుగేళ్లు. అది 2,40,000. చేతినుంచి కట్టే ఫీజులు, పుస్తకాలు, రానుపోను ఛార్జీలు కలిపి ఇంకో 60,000. మొత్తం 3 లక్షలు. ఈ అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి. మీ ఇంటి అంకెలు వేరుగా ఉంటే అవే వేసి చూసుకోండి, తేడా కొంతే వస్తుంది.

ఇందులో కనపడని చిక్కు ఒకటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ప్రభుత్వం నుంచి ఆలస్యమైతే కాలేజీ ఆ భారాన్ని విద్యార్థి మీదికి తోస్తుంది. ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక వెనక్కి తీసుకోండి అంటుంది. కట్టకపోతే టీసీ, మెమోలు చేతికి రావు. పీజీ కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్లు చూపించే గడువు అవతల తరుముకొస్తుంటుంది. రెండు రూపాయల అప్పు ఎక్కువగా పుట్టేది ఆ నాలుగు రోజుల్లోనే. బిడ్డ సీటు పోతుందన్న భయంతో ఉన్న తండ్రి వడ్డీ బేరం ఆడలేడు.

మరి బ్యాంకు సంగతి? విద్యారుణం 4 లక్షల వరకు ఆస్తి తాకట్టు లేకుండానే ఇవ్వాలన్నది బ్యాంకుల ఉమ్మడి నమూనా పథకంలోనే ఉంది. చదువు కాలానికి తోడు ఇంకో ఏడాది వరకు కిస్తీ కట్టనక్కర్లేదు. ఆ తర్వాత తీర్చడానికి పదిహేనేళ్లు గడువు. 2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని తెచ్చింది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి, వేరే స్కాలర్‌షిప్‌లు, వడ్డీ రాయితీలు అందనివాళ్లకు 10 లక్షల వరకు రుణం మీద, కిస్తీ మొదలయ్యేదాకా 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తారు. అయితే ఇది దేశంలో ఎంపిక చేసిన 860 నాణ్యమైన సంస్థలతో మొదలైంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో, ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లోనో ఎంఏ సీటు వచ్చినవాళ్లు ఈ తలుపు తప్పక తట్టాలి. మండల కేంద్రంలోని బీఈడీ కాలేజీలో చేరిన అమ్మాయికి మాత్రం ఈ పథకం అందదు. ఎవరి ఇంట్లో రెండు రూపాయల అప్పు ఉందో ఆ ఇంటికి రాయితీ చేరకపోవడం నన్ను బాధపెట్టే విషయం.

సరే, చదువు 3 లక్షలతో ముగిసింది. లక్షల్లో ఇంజినీరింగ్ ఫీజులు, అరకోటికి చేరిన అమెరికా ఎంఎస్ అప్పులు వింటున్న చెవులకు ఇది చిన్న మొత్తమే. ఇంగ్లిష్ చదువు చవక అనే మాట ఇక్కడిదాకా నిజం.

ఆ తర్వాత ఆగేది

స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ పోస్టు మన రెండు రాష్ట్రాల్లో ఇంగ్లిష్ చదివినవాళ్లకు అందరికంటే ముందు గుర్తొచ్చే ఉద్యోగం. ఆంధ్రప్రదేశ్‌లో మూల వేతనం 44,570తో మొదలై 1,27,480 దాకా వెళ్తుంది. తెలంగాణలో 42,300 నుంచి 1,15,270. దీని మీద డీఏ, ఇంటి అద్దె భత్యం అదనం. బాగుంది. కానీ ఎప్పుడు?

ప్రభుత్వ టీచర్ల నియామకాలు జరిగేది డీఎస్సీ ద్వారా. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరులో 7,902 పోస్టులకు డీఎస్సీ ప్రకటన వచ్చింది. ఆ తర్వాతది 2024 ఫిబ్రవరిలో, 6,100 పోస్టులకు. ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది, ఆ ప్రకటన రద్దయింది. 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. జూన్, జులైలో పరీక్షలు జరిగాయి. సెప్టెంబరు 25న 15,941 మందికి నియామక పత్రాలు ఇచ్చారు. ప్రకటన నుంచి పత్రం దాకా అయిదు నెలలే పట్టడం నిజంగా మెచ్చుకోవాల్సిన సంగతి. కానీ 2018 ప్రకటనకూ దీనికీ మధ్య గడిచిన ఆరేళ్ల పైచిలుకు కాలాన్ని ఎవరు తిరిగిస్తారు?

తెలంగాణలో కథ పెద్దగా వేరు కాదు. 2017లో 8,792 పోస్టులు. మళ్లీ 2023 సెప్టెంబరులో 5,089 పోస్టులకు ప్రకటన, దాని రద్దు, 2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులతో కొత్త ప్రకటన. పరీక్షలు జులై, ఆగస్టుల్లో, నియామక పత్రాలు అక్టోబరు 9న.

మన అమ్మాయి 2019లో బీఈడీ పూర్తి చేసిందనుకోండి. ఆంధ్రలో ఆమెకు దొరికిన మొదటి నిజమైన డీఎస్సీ 2025లోది. అప్పటికి ఆమెకు ముప్ఫై దాటాయి. విద్యారుణం తీసుకుని ఉంటే, చదువయ్యాక ఏడాదికే బ్యాంకు కిస్తీ అడిగేది. బ్యాంకు ఇచ్చే గడువు ఒక ఏడాది, ప్రభుత్వం చేయించిన ఎదురుచూపు ఆరేళ్లు. విద్యారుణం అనే ఏర్పాటును ఎవరు రూపొందించినా, చదువు అవగానే ఉద్యోగం దొరికే కోర్సుల్ని మనసులో పెట్టుకునే రూపొందించారు.

దీనికి తోడు 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి. ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయ పోస్టులకు బీఈడీ అర్హత చెల్లదని కోర్టు తేల్చింది. చిన్నపిల్లలకు చెప్పేందుకు దానికి తగిన డీఈడీ శిక్షణే కావాలన్నది కారణం. పిల్లల వైపు నుంచి చూస్తే ఆ కారణం సబబే. కానీ బీఈడీ చేసినవాళ్లకు దాని అర్థం అంకెల్లో ఇదీ: తెలంగాణ 11,062 పోస్టుల్లో 6,508 ఎస్జీటీలు, అంటే ప్రాథమిక తరగతుల టీచర్ పోస్టులు, ఆంధ్ర 16,347లో 6,371 ఎస్జీటీలు. పేపర్లో పెద్ద అక్షరాల్లో వచ్చే మొత్తం పోస్టుల్లోంచి అవన్నీ ముందే తీసేయాలి. తెలంగాణలో స్కూల్ అసిస్టెంట్ పోస్టులు అన్ని సబ్జెక్టులూ కలిపి 2,629. అందులో ఇంగ్లిష్ వాటా, అందులో మీ జిల్లా వాటా, అందులో మీ రిజర్వేషన్ రోస్టర్ పాయింటు. 11,062 అన్న అంకె చూసి కోచింగ్‌లో చేరిన పిల్ల నిజానికి పోటీపడేది వేళ్ల మీద లెక్కపెట్టగల పోస్టులకు కావచ్చు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ నేను మొదట చేయించే పని ఈ తీసివేత.

ఇరవై మంది ఖర్చు, ఒకరి ఉద్యోగం

ఇప్పుడు ఎదురుచూపుకు ధర కడదాం. ప్రకటన వస్తుందన్న పుకారు పుడితే చాలు, కృష్ణా జిల్లా అవనిగడ్డలో కోచింగ్ పిల్లలతో గదులు నిండిపోతాయి. ఇటు హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్, అశోక్‌నగర్ సందులూ అంతే. కోచింగ్ ఫీజు ఏడాదికి 20,000, గది, మెస్సు నెలకు 7,000 వేసుకుంటే ఏడాదికి 1,04,000. రెండేళ్లకు 2,08,000. ఆ రెండేళ్లూ ఆమె ఊళ్లోని ప్రైవేటు స్కూల్లో నెలకు 15,000కు పాఠం చెప్పి ఉండేదనుకుంటే పోగొట్టుకున్న జీతం 3,60,000. రెండూ కలిపి 5,68,000. చదువు మొత్తానికి అయిన 3 లక్షలకు ఇది దాదాపు రెట్టింపు. రెండేళ్లకే ఇంత. ఆరేళ్ల మాట ఇక చెప్పనక్కర్లేదు.

ఉద్యోగం వస్తే ఈ ఖర్చు గిట్టుబాటవుతుందా? నిస్సందేహంగా అవుతుంది. 44,570 మూల వేతనం ఒక్కటే లెక్కలోకి తీసుకున్నా ఏడాదికి 5,34,840. ప్రైవేటు స్కూలు జీతం 1,80,000. తేడా 3,54,840. ఎదురుచూపు ఖర్చు దాదాపు ఏడాదీ ఏడు నెలల్లో వెనక్కి వస్తుంది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆ తేడా, జీతం పెరగనే పెరగదనుకున్నా, కోటీ 6 లక్షలు.

ఉద్యోగం రాకపోతే అన్న ప్రశ్న దగ్గరే లెక్క చేదవుతుంది. 2025 మెగా డీఎస్సీకి 3.36 లక్షల మంది దరఖాస్తు చేశారు. ఒక్కో పోస్టుకు ఇరవై మందికి పైనే. ఆ ఇరవై మందీ తలా రెండేళ్లు ఆగారనుకుందాం. ఇరవై ఇంతలు 5,68,000 అంటే కోటీ 13 లక్షలు. ఒకరికి ముప్ఫై ఏళ్లలో వచ్చే అదనపు రాబడి కంటే ఆ ఉద్యోగం కోసం ఇరవై ఇళ్లు కలిసి ముందే పెట్టిన ఖర్చు ఎక్కువ. నేను ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్లీ వేశాను.

నిజాయతీగా చెప్పాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. దరఖాస్తు చేసిన వాళ్లందరూ పని మానుకుని కోచింగ్‌లో కూర్చోరు. అందులో సగం మందే ఆగారనుకుంటే ఖర్చు 57 లక్షలకు తగ్గుతుంది. ప్రభుత్వ జీతం కూడా ఇంక్రిమెంట్లతో, డీఏతో పెరుగుతుంది కాబట్టి గెలిచినవాళ్ల లాభం నేను వేసినదానికంటే పెద్దది. సబ్జెక్టును బట్టి, జిల్లాను బట్టి పోటీ మారుతుంది. ఇవన్నీ ఒప్పుకున్నా మిగిలే విషయం మారదు. గెలిచిన అమ్మాయి ఫొటో కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ మీద ఉంటుంది. మిగతా పంతొమ్మిది మంది కట్టిన మెస్సు బిల్లులు ఏ లెక్కల పుస్తకంలోనూ ఉండవు.

వయోపరిమితి ఆంధ్రలో 44, తెలంగాణలో 46. ఉద్యోగాలు ఆలస్యం చేసినందుకు ప్రభుత్వాలు ఇచ్చిన ఊరట ఇది. దీనివల్ల మేలు పొందినవాళ్లను నేనెరుగుదును. కానీ ఇంకో ప్రయత్నం చేయొచ్చు అనే మాట నలభై ఏళ్లొచ్చినా నిజంగానే ఉంటే, ఇక చాలు అని ఇంట్లో ఎవరు అనగలరు? టీచర్ అర్హత పరీక్ష టెట్ మార్కులు 2021 నుంచి జీవితకాలం చెల్లుతున్నాయి, డీఎస్సీలో వాటికి 20 శాతం విలువ. ఒక్కసారి మంచి మార్కు తెచ్చుకున్న మనిషి ఆ మార్కును వదులుకోలేడు. ఆశకు ఎక్కడా గడువు తేదీ లేదు.

ఈలోగా చేతికొచ్చేవి

ఎదురుచూస్తూనే సంపాదించే దారులు లేకపోలేదు. తెలంగాణ ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో అతిథి అధ్యాపకులకు పీరియడ్‌కు 390 రూపాయలు, నెలకు 72 పీరియడ్లు మించకుండా ఇస్తూ వచ్చారు. అది 28,080. అదీ కాలేజీ నడిచిన నెలలకే. అదే క్లాసులో అదే పాఠం చెప్పే రెగ్యులర్ జూనియర్ లెక్చరర్ మూల వేతనం 54,220. ఆ రెగ్యులర్ పోస్టుకు బీఈడీ అక్కర్లేదు, పీజీ ఉంటే చాలు కాబట్టి రెండేళ్ల బీఈడీ ఖర్చు తప్పుతుంది. కానీ అక్కడా ఆగాల్సిందే. 1,392 జేఎల్ పోస్టులకు 2022 డిసెంబరులో ప్రకటన వస్తే, నియామక పత్రాలు చేతికొచ్చింది 2025 మార్చిలో. ఇరవై ఏడు నెలలు.

ఇంకో దారి ఇంజినీరింగ్ కాలేజీలు. సాహిత్యం చదివినవాళ్లకు ఇంజినీరింగ్ కాలేజీలో ఏం పని అనుకుంటారు చాలామంది. మొదటి ఏడాది విద్యార్థులకు ఇంగ్లిష్ పేపరు, దానికో ల్యాబు ఉంటాయి. అందుకని ప్రతి కాలేజీలోనూ హెచ్ అండ్ ఎస్ (హ్యుమానిటీస్ అండ్ సైన్సెస్) అనే విభాగంలో మాలాంటివాళ్లం కొందరం ఉంటాం. కంప్యూటర్ సైన్స్ సీట్లు పెరిగిన ఏడాది మాకు గిరాకీ. పుస్తకంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700. పదేళ్లకు పైమాట, నేను చేరిన కాలేజీలో నాకిచ్చింది 14,000. అందులోనూ మూడు నెలల జీతం ఎప్పుడూ బాకీ ఉండేది. పండగకు ఇంటికి వెళ్తూ తమ్ముడి దగ్గర ఛార్జీలు తీసుకున్న రోజు నాకింకా గుర్తుంది. పాఠం మాత్రం ఒక్కరోజు ఎగ్గొట్టలేదు. తెలుగు మీడియం నుంచి వచ్చి, నోరు తెరవడానికి భయపడిన పిల్లలు ఏడాది చివర లేచి నిలబడి మాట్లాడుతుంటే చూడటం ఆ ఉద్యోగంలో నాకు దక్కిన అసలు జీతం. కానీ ఆ సంతోషాన్ని చూపించి అప్పులవాడిని ఆపలేం.

హైదరాబాద్‌లో ఇంగ్లిష్ బాగా రాసేవాళ్లకు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టెక్నికల్ రైటర్ పని ఉంది. పాఠ్యాంశాలు తయారుచేసే కంపెనీలు, అనువాదం, సబ్‌టైటిళ్లు, కంటెంట్ మోడరేషన్ ఉన్నాయి. తెలుగూ ఇంగ్లిషూ రెండూ గట్టిగా వచ్చినవాళ్లు ఇందులో కొన్నింటికి మరీ పనికొస్తారు. వీటి గురించి చెప్పాల్సింది ఒక్కటే. చాలావాటికి ఎంఏ, బీఈడీ అడగరు. డిగ్రీ, రాయగలిగే చెయ్యి ఉంటే చాలు. 21 ఏళ్లకే ఇలాంటి పనిలో చేరిన అమ్మాయి నెలకు 15,000 చొప్పున నాలుగేళ్లలో 7,20,000 సంపాదిస్తుంది. పైగా ఎంఏ, బీఈడీలకు అయ్యే 3 లక్షలు మిగులుతాయి. రెండూ కలిపి 10,20,000. ఎంఏ, బీఈడీల పూర్తి ధర నిజానికి ఇది. ఇంత పెట్టి చదువుతున్నామని తెలిసి చదవడం వేరు, ఫీజు తక్కువే కదా అని చదవడం వేరు.

జేఆర్ఎఫ్ అనే 24 లక్షలు

ఇన్ని చేదు అంకెల మధ్య ఒకటి మాత్రం నేను ప్రతి ఎంఏ విద్యార్థి చేతా నోట్‌బుక్ మొదటి పేజీలో రాయిస్తాను. యూజీసీ నెట్ రాసి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ తెచ్చుకుంటే పీహెచ్‌డీ చేస్తూ మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత మూడేళ్లు నెలకు 42,000 వస్తాయి. 2023 జనవరి నుంచి ఉన్న రేట్లివి. మొదటి రెండేళ్లకు 8,88,000, తర్వాత మూడేళ్లకు 15,12,000. కలిపితే సరిగ్గా 24 లక్షలు. హాస్టలు లేనివాళ్లకు ఇంటి అద్దె అదనం. అదే ఫెలోషిప్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తే నెలకు 8,000.

ఈ పరీక్ష ఏడాదికి రెండుసార్లు, జూన్‌కు, డిసెంబరుకు ఉంటుంది. ఎంఏ రెండో ఏడాదిలో ఉండగానే రాయొచ్చు. జేఆర్ఎఫ్‌కు వయసు 30, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు అయిదేళ్ల సడలింపు. రాసినవాళ్లలో 6 శాతం మందినే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు తీసుకుంటారు, జేఆర్ఎఫ్ వచ్చేది అందులోనూ కొందరికే. కాబట్టి ఇది తేలిక అని ఎవరికీ చెప్పను. ఇక్కడా దెబ్బలు తగిలాయి. 2024 జూన్ 18న దేశమంతా 9 లక్షల మంది రాసిన పరీక్షను మర్నాడే రద్దు చేశారు, మళ్లీ ఆగస్టు, సెప్టెంబరుల్లో పెట్టారు. అయినా ఆరేళ్లు ఆగాల్సి రాలేదు, రెండు నెలలే ఆగారు. ఓడినవాళ్లకు ఆరు నెలల్లో మళ్లీ అవకాశం ఉంటుంది. సాహిత్యం మీద నిజంగా ప్రేమ ఉన్న పిల్లలకు ఇది అప్పు లేకుండా చదువు కొనసాగించే దారి. చాసర్‌నో, దళిత కథల అనువాదాలనో చదవాలన్న కోరికకు దేశం నెల జీతం ఇచ్చే చోటు ఇది తప్ప ఇంకోటి నాకు కనపడలేదు. మన జిల్లాల పీజీ విద్యార్థులకు దీని గురించి ఎంఏ అయిపోయిన తర్వాత తెలియడం నేను పదేపదే చూశాను. అది మా అధ్యాపకుల తప్పే.

లెక్క చెప్పేవాళ్లు

చదువు అప్పును బయటి దేశాలు ఎలా చూస్తున్నాయో కూడా కాస్త చూద్దాం. ఇంగ్లండ్‌లో ఇంగ్లిష్ డిగ్రీకి 2025-26లో ఏడాది ఫీజు 9,535 పౌండ్ల వరకు ఉంది. మూడేళ్లకు అప్పు మనవాళ్లకు కళ్లు తిరిగేంత. కానీ అక్కడ కిస్తీని జీతం నిర్ణయిస్తుంది. 2023 ఆగస్టు నుంచి చేరినవాళ్లు ఏడాదికి 25,000 పౌండ్లు దాటిన సంపాదన మీద 9 శాతం కడతారు. 28,000 సంపాదించే మనిషి ఏడాదికి కట్టేది 270 పౌండ్లు. ఉద్యోగం పోతే కట్టనక్కర్లేదు. నలభై ఏళ్ల తర్వాత మిగిలింది రద్దవుతుంది. ఆ వడ్డీ మీద, ఆ నలభై ఏళ్ల మీద అక్కడ విమర్శలున్నాయి. కానీ ఖాళీగా ఉన్న కాలంలో అప్పు గొంతు పట్టుకోకపోవడం మన రెండు రూపాయల ఇళ్లకు ఊహకందని వరం.

అమెరికా ఇంకో పని చేసింది. ఏ కాలేజీలో ఏ సబ్జెక్టు చదివినవాళ్లు ఎంత అప్పుతో బయటికొచ్చారో, తర్వాత ఎంత సంపాదిస్తున్నారో అక్కడి ప్రభుత్వం అందరూ చూసేలా పెడుతోంది. దాని పేరు కాలేజ్ స్కోర్‌కార్డ్. మొదట కాలేజీల వారీగా ఇచ్చారు, తర్వాత సబ్జెక్టుల వారీగా కూడా ఇస్తున్నారు. 2025 జులైలో చేసిన చట్టం ఇంకాస్త ముందుకు వెళ్లింది. డిగ్రీ చదివినవాళ్ల సంపాదన హైస్కూలు చదువుతో ఆగిపోయినవాళ్ల సంపాదన కంటే తక్కువగా ఉంటూ వస్తే, ఆ కోర్సుకు ప్రభుత్వ రుణాలు ఆపేస్తారు. సాహిత్యాన్ని జీతంతోనే తూచడం నాకు నచ్చదు. ఆ చట్టం కొన్ని మంచి విభాగాల్ని మూయిస్తుందన్న భయం నాకుంది. అంకెను బయటపెట్టడం మాత్రం మనం వెంటనే నేర్చుకోవాల్సిన పని.

మన దగ్గర కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీలు ఒక అంకె ఇస్తాయి, ఉద్యోగం వచ్చినవాళ్ల మధ్యస్థ జీతం. కానీ అది మూడేళ్ల డిగ్రీలన్నీ ఒక గంపలో, రెండేళ్ల పీజీలన్నీ ఒక గంపలో పోసి ఇచ్చేది. కెమిస్ట్రీ, కంప్యూటర్స్, ఇంగ్లిష్ అన్నీ అందులోనే. ఎంఏ ఇంగ్లిష్ చదివినవాళ్లు నాలుగేళ్ల తర్వాత ఎక్కడున్నారో ఆ గంపలోంచి ఏరలేం. ఒక్కో విభాగం తన పూర్వ విద్యార్థులకు ఏడాదికోసారి ఫోన్లు చేసి కాగితం మీద రాసిపెడితే ఇది సాధ్యమే. యాభై మంది బ్యాచ్‌కు ఇది రెండు రోజుల పని.

అంకెతో పాటు తేదీ కూడా బయటపెట్టాలి. జాబ్ క్యాలెండర్లు మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ప్రకటించాయి, ఆంధ్రలో 2021లో, తెలంగాణలో 2024 ఆగస్టులో. క్యాలెండరు నిజంగా అమలైతే పైన వేసిన ఎదురుచూపు ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. ఉద్యోగాలు పెంచక్కర్లేదు, తేదీ చెప్పి నిలబెట్టుకుంటే చాలు. ఫలానా నెలలో పరీక్ష అని తెలిసిన అమ్మాయి అప్పటిదాకా స్కూల్లో పాఠం చెప్పుకుని, చివరి నాలుగు నెలలు గది తీసుకుంటుంది. తేదీ తెలియనందుకే రెండేళ్ల అద్దె కడుతోంది.

కాబట్టి ఇంటికొచ్చినవాళ్లకు నేను చెప్పేది ఇదీ. ఇంగ్లిష్ చదవాలని బిడ్డ కోరుకుంటే చదివించండి, 3 లక్షలకు అది మంచి చదువు. ఎంఏ మొదటి ఏడాదిలోనే నెట్ పుస్తకాలు తెరవమనండి. ఆంధ్ర, తెలంగాణ ఏదైనా సరే, బీఈడీలో చేరేముందు గత రెండు డీఎస్సీల్లో మీ జిల్లాలో ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంట్ పోస్టులు ఎన్ని వచ్చాయో, మీ రోస్టర్‌లో ఎన్ని పడ్డాయో ప్రకటన తీసి లెక్కపెట్టండి. పని మానుకుని కోచింగ్‌లో కూర్చోవడానికి ఒక గడువు పెట్టుకోండి, ఆ నెల, ఆ ఏడాది క్యాలెండరు మీద రాయండి. ఆ తేదీ దాటాక కూడా పరీక్ష రాయొచ్చు, ఉద్యోగం చేస్తూ.

అన్నిటికంటే ముందు, ఇప్పటికే ఉన్న రెండు రూపాయల అప్పును మార్చండి. బ్యాంకులో బంగారం పెట్టినా, అమ్మ పేరు మీద డ్వాక్రా సంఘంలో తీసుకున్నా రూపాయి వడ్డీకి అటూ ఇటూగా పడుతుంది. 2 లక్షల మీద రెండేళ్లకు వడ్డీ 96,000 కట్టే చోట 48,000 కడతారు. మిగిలిన 48,000 అవనిగడ్డలో దాదాపు ఏడు నెలల గది, మెస్సు.